వార్మ్స్ ఒడంబడికా, బోరు మోటారు తాళంచెవీ

కెమిస్ట్రీ లెక్చరరు ఉద్యోగంలో చేరిన రోజే యాసిడ్ సీసాలు ఏ అరలో పెట్టాలో ఎవరో ఒకరు చెబుతారు. చరిత్ర లెక్చరరుకు అలాంటి జాగ్రత్తలేవీ చెప్పరు. ఎప్పుడో చచ్చిపోయిన రాజుల పాఠం ఎవరినేం చేస్తుందిలే అని అందరికీ ధీమా. నేనూ సర్వీసంతా అదే ధీమాతో గడిపాను. ఇప్పుడు కొత్తగా కాలేజీల్లో లెక్చరర్లుగా చేరుతున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "మేడం, మీ ఉద్యోగంలో మరచిపోలేని సంగతి ఒకటి చెప్పండి" అంటుంటారు. అవార్డు సంగతో, ర్యాంకు తెచ్చిన విద్యార్థి సంగతో చెబుతానని వాళ్ల ఆశ. నాకు మాత్రం ఖిల్లా ఘణపూర్ కోట కనబడేంత దూరంలో ఉన్న ఒక చిన్న ఊరు గుర్తొస్తుంది. ఆ ఊరి మీదికి నేను తెలియక తోలుకుపోయిన మధ్యయుగ ఐరోపా గుర్తొస్తుంది.

అప్పుడు నేను వనపర్తి జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను. రిటైర్మెంటు దగ్గర పడింది. బీఏ పిల్లలకు మధ్యయుగ ఐరోపా చెప్పే భారం నాది. భారం అని ఎందుకంటున్నానంటే, ఆ కాలంలో అక్కడ అధికారం ఒకరి చేతిలో కుదురుగా ఉండేది కాదు. ఇవాళ రాజు, రేపు సామంతులు, ఎల్లుండి మతగురువు. ఒక పేరు నేర్చుకునేలోపు ఆ పేరుగల ఆయన గద్దె దిగిపోయేవాడు. పైగా ఆ మతగురువును పోపు అంటారు, మన భాషలో పోపు అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆవాలూ ఎండుమిర్చీ. ఒక పిల్లవాడు పరీక్షలో "పోపు ఎక్కువైనందువల్ల చక్రవర్తికి కోపం వచ్చెను" అని రాశాడు. నిజానికి అందులో తప్పేముందో తేల్చుకోలేక సగం మార్కులు వేశాను.

ఆ తరగతిలో పాఠం చెవికెక్కించుకున్నవాళ్లు ఇద్దరు. ఒకతను వీపనగండ్ల వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి. మనిషి కాడెద్దులా ఉంటాడు, మనసు మాత్రం వెన్న. రెండో ఆమె గద్వాలలో మగ్గం నేసే ఇంటి అమ్మాయి. అయిదడుగులు కూడా ఉండదు. ఎవరి మాటా వినదు. పోపుకూ జర్మన్ రాజుకూ మధ్య జరిగిన గొడవ చెబుతున్న రోజు ఇద్దరూ కదలకుండా కూర్చుని విన్నారు.

గొడవ ఏమిటో మీకూ క్లుప్తంగా చెప్పాలి. చర్చిలో పెద్ద గురువులను బిషప్పులంటారు. వాళ్ల కింద విస్తారమైన భూములుండేవి. ఆ బిషప్పును నియమించి, పదవి గుర్తుగా ఉంగరమూ చేతికర్రా ఇచ్చేది ఎవరు? భూమి నాది కాబట్టి నేనే అన్నాడు రాజు. దేవుడి పని కాబట్టి నేనే అన్నాడు పోపు. పోపు రాజును మతం నుంచి వెలివేశాడు. వెలి పడ్డ రాజు మాట వినక్కర్లేదని సామంతులు జారుకున్నారు. రాజుకు దిక్కు తోచక, చలికాలంలో ఆల్ప్స్ కొండలు దాటి, పోపు దిగి ఉన్న కనోస్సా అనే కోట వాకిట్లో చెప్పుల్లేకుండా మంచులో మూడు రోజులు నిలబడి క్షమాపణ వేడుకున్నాడు.

"మేడం, ఇది నాటకం ఆడదాం" అంది గద్వాల అమ్మాయి. "పోపు నేనే."

"పోపు మగాయన కదమ్మా."

"రాజు ఎవరి ముందర మోకాలు వంచుతడో ఆ వేషం నాకు కావాలె మేడం. ఆడనో మగనో తర్వాత చూసుకుందాం."

రాజు వేషం కాడెద్దు లాంటి అబ్బాయికి వచ్చింది. శివరాత్రి వెళ్లాక మా కాలేజీ పిల్లలకు ఒక పల్లెలో వారం రోజుల సేవా శిబిరం ఉండేది. ఆఖరి రోజు సాయంత్రం ఏదో ఒక ప్రదర్శన ఇవ్వడం ఆనవాయితీ. ఆ ఏడు అది కనోస్సా అని తేలింది.

శిబిరానికి నాతోపాటు వచ్చింది ఎకనామిక్స్ సారు. ఆయనకు ప్రపంచంలో ప్రతిదీ గిరాకీ, సరఫరా లెక్కనే కనిపించేది. మేము కోట కనబడే ఆ చిన్న ఊరి బళ్లో దిగాం. మాకు వంట చేయడానికి ఊళ్లోంచి ఒక అవ్వ వచ్చింది. మొదటి రోజు అన్నం వడ్డిస్తూ ఆ అవ్వే ఊరి సంగతి చెప్పింది.

"మా ఊర్ల పోయినేడు జాతర గాలేదమ్మా. సర్పంచికీ అయ్యగారికీ పడదు. నా మనుమడు జ్వరంతోని సావుదాకా పోయొచ్చిండు. జాతరల నెత్తి మీద గండదీపం మోస్తనని మొక్కిన. మొక్కు అట్లనే ఉండిపాయె. రెండు మెతుకులు తింటే గొంతు దిగుతలేదు."

"ఎందుకు పడదవ్వా?"

"గుడిల పూజకు ఎవల్ని వెట్టాల్నని."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. అవ్వ చెప్పుకుంటూ పోయింది. అయ్యగారు ముసలివాడయ్యాడు. తన తర్వాత మేనల్లుడే పూజారి అన్నాడు. గుడి మాన్యం, అంటే గుడి పేరిట ఉన్న పొలం, పంచాయతీ చేతిలో ఉంది కాబట్టి నియమించేది నేనే అన్నాడు సర్పంచి. బిజినేపల్లి వైపు నుంచి ఒకాయన్ను తెచ్చి, హారతి పళ్లెం తన చేత్తోనే అందించాడు. దాంతో ముసలాయన గుడికి తాళం వేసి, సర్పంచికి తీర్థం బంద్ అన్నాడు. సర్పంచి ఇంట్లో మంచినీళ్లు తాగినవాళ్లకూ బందే అన్నాడు. సర్పంచి ఊరుకుంటాడా? గుడి మాన్యంలో ఉన్న బోరు మోటారు డబ్బాకు తాళం వేసి, చెవి బొడ్లో దోపుకున్నాడు. పోయినేడు జాతర ముందు కర్రలు లేచాయి. ఠాణా నుంచి వచ్చినవాళ్లు ఈసారి కూడా కర్ర కనబడితే ఇక జాతర మాటే ఎత్తవద్దని చెప్పి పోయారు. ఆ జాతర మా శిబిరం ముగిసిన రెండు రోజులకే.

ఎకనామిక్స్ సారు నా వైపు తిరిగాడు. "మేడం, వేరే నాటకం చూసుకుందామా?"

అప్పటికే ఆలస్యమైపోయింది. మరుసటి రోజు బడి వరండాలో పిల్లలు మాటలు అప్పజెప్పుకుంటుంటే సర్పంచి వచ్చాడు. తెల్లబట్టలు, పెద్ద గొంతు. శిబిరానికి బియ్యం ఇప్పించింది ఆయనే. రాజు వేషం అబ్బాయి సరిగ్గా అప్పుడే రొమ్ము విరుచుకుని, "బిషప్పును పెట్టేది నేను! ఉంగరమూ చేతికర్రా నా చేతుల మీదుగానే పోవాలి!" అని గర్జించాడు.

"శబాష్!" అన్నాడు సర్పంచి. "ఎవలు మేడం ఈ రాజు? అచ్చం నా లెక్కనే మాట్లాడుతుండు."

"జర్మన్ రాజండి. వెయ్యేళ్ల కిందటి సంగతి."

"అయితే ఆఖరుకు ఏమాయె?"

ఆఖరుకు అన్నాడు కాబట్టి ఆఖరుదే చెప్పాను. "ఆఖరుకు రాజు సైన్యంతో రోముకు వెళ్లి, ఆ పోపును వెళ్లగొట్టి, తనకు నచ్చిన మనిషిని పోపుగా పెట్టుకున్నాడండి." ఇందులో అబద్ధం లేదు. మధ్యలో ఒక మంచు కథ ఉందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

సర్పంచి ముఖం వెలిగిపోయింది. "టెంటు నాది, మైకు నాది. ఊరంత జూడాలె గీ నాటకం."

ఆ సాయంత్రమే అయ్యగారి దగ్గర నుంచి కబురు. వెళ్లాను. సన్నటి మనిషి, తీక్షణమైన చూపు. గుడి గడప మీద కూర్చుని ఉన్నాడు.

"నా మీద నాటకం కడుతున్రట?"

"మీ మీద కాదండి. పోపు మీద. వాళ్ల మతంలో పెద్దగురువు."

"ఆయనకూ సర్పంచికీ ఏం పేచీ?"

"సర్పంచి కాదండి, రాజు. రాజు ఈయన్ని ఎదిరించాడు. తర్వాత మంచులో చెప్పుల్లేకుండా మూడు రోజులు కోట తలుపు ముందు నిలబడి క్షమించమన్నాడు."

"మూడు దినాలు!" ముసలాయన కళ్లు చెమర్చాయి. "ధర్మమున్న దేశం. అమ్మా, బడిల ఎందుకు? గుడి అరుగు మీదనే ఆడుండ్రి. కోట తలుపనుకొని మా గుడి తలుపే వాడుకోండ్రి. సర్పంచి మొగం నేను సూడ గాని, లోపల కూసుండి ఇంట. తలుపు నేనే తీస్త."

బళ్లోకి వచ్చి చెబితే ఎకనామిక్స్ సారు తల పట్టుకున్నాడు. "ఇద్దరికీ ఒకే సరుకు అమ్మిన్రు మేడం. ఇద్దరూ ఒకేసారి మూట విప్పుతరు, సూడుండ్రి."

ఆయన మాట విని ఆపేయాల్సింది. కాని పిల్లల ఉత్సాహం అప్పటికి ఏ దశలో ఉందో చెబితేగాని మీకు అర్థం కాదు. పోపు వేషానికి ఆ అమ్మాయి ఇంటి నుంచి గద్వాల చీర తెప్పిస్తానంది. ఫోను చేస్తే వాళ్ల నాన్న కేకలు నాకు వినిపించాయి. "పోపు వేసేటందుకు గద్వాల చీర ఎందుకే? నూనె చిట్లితే జరీ ఖరాబైతది! పాత చీర ఏదన్న కట్టుకో!" అది ఆ పోపు కాదని నమ్మించడానికి ఫోను నా చేతికిచ్చింది. నేను రోము నగరం నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఆయన అంతా విని, "సరే మేడం, పెద్దాయన కోసమంటే పంపుత. పొయ్యి దగ్గరికి మాత్రం పోనీయకుండ్రి" అన్నాడు.

ఇక మంచు. అయ్యగారి పక్షం రైతు ఒకాయన ఇంట్లో అమ్మకుండా ఆపుకున్న పత్తి ఉంది. గింజ తీయని పత్తి. బస్తాలకు బస్తాలు తెచ్చి గుడి అరుగు నిండా పరిచారు. కింద నున్నటి బండలు, పైన తెల్లటి పత్తి. ఎర్రటి ఎండలో ఆల్ప్స్ పర్వతాలు నిజంగానే మెరిసిపోయాయి.

నాటకం రోజు సాయంత్రం ఊరు ఊరంతా వచ్చింది. కూర్చోవడంలోనే రెండు దేశాలయ్యాయి. కుడివైపు సర్పంచి జనం, ఎడమవైపు అయ్యగారి జనం, మధ్యలో ఎవరూ కూర్చోని దారి. ఆ దారిలో వంట అవ్వ ఒక్కతే పీట వేసుకుని కూర్చుంది. గుడి తలుపు వెనక అయ్యగారూ, గద్వాల చీర భుజాల మీదుగా కప్పుకున్న పోపూ ఉన్నారు. మైకు దగ్గర నేను.

మొదటి భాగం బాగా నడిచింది. రాజు గర్జించినప్పుడల్లా కుడివైపు ఈలలు. పోపు లోపలి నుంచి వెలి ప్రకటించినప్పుడు ఎడమవైపు చప్పట్లు. తర్వాత రాజు కిరీటం తీసి, గోనెసంచి కప్పుకుని, పత్తిలో పాదాలు దించి నిలబడ్డాడు. కుడివైపు ఈలలు ఆగిపోయాయి. సర్పంచి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఈ ముక్క నాకు చెప్పలేదేమని ఆ చూపు.

"మహాప్రభూ! తలుపు తెరవండి!" అన్నాడు రాజు.

తలుపు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు.

రాజు మళ్లీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. లోపల గుసగుసలు. తలుపు సందులోంచి పోపు గొంతు సన్నగా వినబడింది. "మేడం, అయ్యగారు గడియ తీస్తలేడు. మూడు దినాలని మీరే చెప్పిన్రట. ఇంక పొద్దన్న గూకలేదంటుండు."

నేను మైకు మూసి లోపలికి వినబడేలా, "అయ్యగారూ, మూడు రోజులు అనుకోవాలంతేనండి, నాటకం కదా" అన్నాను.

"పుస్తకంల ఉన్నదున్నట్టు జరగాలె" అన్నాడు ఆయన లోపలి నుంచి.

ఎడమవైపు జనానికి ఈ మాట చాలా నచ్చింది. "నిలబడనీ! మూడు దినాలు నిలబడనీ!" అని అరిచారు. కుడివైపువాళ్లు, "పిలగాన్ని సంపుతరా?" అని లేచారు. రాజు నిజంగా ఏడుపు ముఖం పెట్టాడు. ఈ గందరగోళంలో ఎవరివో మేకలు పత్తిగింజల వాసన పట్టి అరుగెక్కాయి. ఆల్ప్స్ పర్వతాలను తినడం మొదలుపెట్టాయి. రాజు ఒక చేత్తో గోనెసంచి పట్టుకుని, ఇంకో చేత్తో మేకలను అదిలిస్తూ, "మహాప్రభూ! హై! హై! తలుపు తెరవండి!" అంటున్నాడు. పత్తి ఇచ్చిన రైతు, "నా మంచు! నా మంచు!" అని పరుగెత్తుకొచ్చాడు.

సర్పంచి ఇక ఆగలేకపోయాడు. లేచి విసవిసా వచ్చాడు. కోపంలో ఉన్నా గుడి అరుగు గుడి అరుగే. అలవాటుగా చెప్పులు కింద విడిచి పైకెక్కాడు. రాజును పక్కకు నెట్టి తలుపు మీద దబదబా కొట్టాడు.

"పంతులూ! తలుపు తియ్యి! పిలగాడు నిలబడలేక సస్తుండు!"

చప్పుడు లేదు.

సర్పంచికి చిర్రెత్తుకొచ్చింది. రెండు చేతులూ జోడించి, తల కొట్టుకున్నంత పని చేసి, "నీకో దండం పెడత పంతులూ, తియ్యి!" అన్నాడు. విసుగొచ్చినప్పుడు ఈ మాట మనమందరం అంటాం. పాలు పొంగించిన భార్యతో అంటాం, తాళం మరచిన ప్యూనుతో అంటాం. కాని తలుపు సరిగ్గా ఆ మాటకే తెరుచుకుంది. ఊడిపడ్డట్టు తెరుచుకునేసరికి సర్పంచి ఒక్కడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు నున్నటి బండ మీద పత్తిలో పడింది. జర్రున జారాడు. రెండు మోకాళ్ల మీద కూలబడ్డాడు. జోడించిన చేతులు అలాగే ఉన్నాయి.

ఎదురుగా ముసలి అయ్యగారు. పక్కన ఎర్రటి గద్వాల జరీలో పోపు.

ఊరంతా నోరు తెరిచింది. మేకలు తప్ప ఎవరూ కదల్లేదు. గద్వాల అమ్మాయికి ఒక్కటే తెలుసు: తలుపు తెరుచుకోగానే ఎదుట మోకాళ్ల మీద ఎవరుంటే వాళ్ల తల మీద చెయ్యి పెట్టి తన మాట చెప్పాలి. పెట్టింది. చెప్పింది.

"లే నాయనా. నీ వెలి ఎత్తేసిన."

వంట అవ్వ పీట మీద నుంచి లేచి, రెండు చేతులూ ఎత్తి మొక్కి బోరుమని ఏడ్చింది. ఆమె ఏడుపుతో చప్పట్లు మొదలయ్యాయి. ఎడమవైపూ కుడివైపూ తేడా లేకుండా మోగాయి. అయ్యగారు చేతులు చాచి, "వచ్చినవా నాయనా" అన్నాడు. సర్పంచి ఏదో అనబోయాడు. అంత చప్పట్ల మధ్య అనలేకపోయాడు.

తెల్లారి పొద్దున్నే బడి ముందు ప్రత్యక్షమయ్యాడు.

"జారిన మేడం! మొక్కలే. జారి పడ్డ! మీరు మైకుల చెప్పాలె, సర్పంచి జారిండు అని."

అయ్యగారు కూడా వచ్చాడు. "జారితే దేవుడే జారగొట్టిండు. దండం దండమే. ఊరంత సూసింది. నేను క్షమించిన."

"నిన్ను క్షమించుమని ఎవలడిగిన్రు?"

వాళ్ల వెనక జనం. మళ్లీ కుడివైపూ ఎడమవైపూ ఏర్పడుతున్నాయి. కర్రల కోసం చూసే చూపులు కొన్ని కనబడ్డాయి. ఎకనామిక్స్ సారు పిల్లలను లోపలికి పంపి తలుపేశాడు. రిటైరయ్యే ముందు ఒక ఊరి తలలు పగలగొట్టించిన ఘనత నాకెందుకనిపించింది. నాటకం అయ్యాక బడి వరండాలో తెచ్చి పెట్టిన మైకు అందుకున్నాను.

"అంతకు తర్వాత ఏం జరిగిందో చెబుతాను, వినండి" అన్నాను. ఇద్దరికీ సగం సగం చెప్పిన కథ మొదటిసారి మొత్తం చెప్పాను. రాజు క్షమాపణ పుచ్చుకుని ఇంటికి పోయాడు. ఊళ్లో చూస్తే సామంతులు ఇంకో రాజును పెట్టుకుని ఉన్నారు. మళ్లీ యుద్ధం. పోపు మళ్లీ వెలేశాడు. రాజు పోయి పోపును తరిమాడు. ఆ పోపు పరాయి ఊళ్లో చనిపోయాడు. అంతటి రాజును కన్నకొడుకే గద్దె దింపాడు. ఊళ్లు కాలాయి, పంటలు పోయాయి. మొదట కొట్లాట పెట్టుకున్నవాళ్లెవరూ మిగలకుండా పోయాక, వాళ్ల తర్వాతివాళ్లు వార్మ్స్ అనే పట్నంలో కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు.

"పురుగులా మేడం?" అన్నాడు తలుపు సందులోంచి మా రాజు. నిన్నటి నుంచి ఆ అబ్బాయికి ఏదీ వింతగా అనిపించడం లేదు.

"ఊరి పేరయ్యా. ఒప్పందం ఇది. బిషప్పును గుడి పెద్దలు ఎన్నుకోవాలి. రాజు మనిషి ఎదుట కూర్చోవచ్చు. ఉంగరమూ చేతికర్రా గుడివాళ్లిస్తారు. భూమి మీద హక్కు గుర్తుగా రాజదండం రాజు ఇస్తాడు. దేవుడి పని దేవుడిది, భూమి పని రాజుది."

వంట అవ్వ అడిగింది: "ఎన్నేండ్లు కొట్టుకున్రమ్మా ఈ తెలివి రానీకి?"

"దాదాపు యాభై ఏళ్లవ్వా."

"గా తెలివి మొదటి దినమే ఉంటే ఏం బోయె?"

దీనికి ఐరోపా చరిత్రకారులెవరూ జవాబు చెప్పలేదు. జనంలోంచి ఎవరో, "మనమూ గట్లనే జేద్దాం" అన్నారు. అంతే, ఆ మాట ఊరిని పట్టుకుంది. ఇక చర్చ మొదలైంది. అది యుద్ధం గురించి కాదు, ఏది ఉంగరం, ఏది రాజదండం అని. ఉంగరానికి బదులు గంట అన్నారు. చేతికర్రకు బదులు హారతి పళ్లెం అన్నారు. రాజదండం దగ్గర చిక్కొచ్చింది. పంచాయతీ కర్ర ఇస్తే కొట్టడానికి ఇచ్చినట్టుంటుందని అయ్యగారి అభ్యంతరం. చివరికి పత్తి రైతు తేల్చాడు. "మాన్యం మీద హక్కంటే ఏంది? నీళ్లు. నీళ్లంటే ఏంది? మోటారు. స్టార్టర్ డబ్బా తాళంచెవే రాజదండం."

సర్పంచి బొడ్డు తడుముకున్నాడు. "చెవి నా చేతుల మీదుగనే ఇస్త గద?"

"మీ చేతుల మీదుగానే" అన్నాను.

"అయితే నాకు సమ్మతమే."

అయ్యగారు, "గంట, పళ్లెం నావి" అన్నాడు. ఒప్పందం కుదిరింది. గుడి పెద్దలు అక్కడికక్కడే కూర్చుని, ఎలాగూ ఆయనే కదా అని, అయ్యగారి మేనల్లుణ్ని పూజారిగా ఎన్నుకున్నారు. సర్పంచి కూడా తల ఊపాడు. మేనల్లుడు నాగర్‌కర్నూలులో ఆటో నడుపుతాడు. శుభవార్త చెబుదామని స్పీకరు పెట్టి ఫోను చేశారు.

"నేనెందుకు వస్త?" అన్నాడు మేనల్లుడు.

"పూజారివి గదరా!" అన్నాడు అయ్యగారు.

"నన్నెవలడిగిన్రు మామా? నాకు మంత్రాలు రావు, పొద్దున లేవరాదు. ఈడ నాకు మంచిగుంది. గిరాకీ వచ్చిండు, పెట్టేస్తున్న."

ఊరంతా ఆ ఫోను వైపు చూస్తూ నిలబడిపోయింది. ఏడాదికి పైగా ఎవరి కోసం కర్రలు లేచాయో, ఎవరి కోసం తీర్థాలు బందయ్యాయో ఆ మనిషి గిరాకీని ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

ముందుగా నవ్వింది సర్పంచి. నవ్వి నవ్వి గోడకు చేరగిలబడ్డాడు. అయ్యగారు తల దించుకుని, మెల్లగా అడిగాడు. "నువ్వు దెచ్చినాయన... బిజినేపల్లాయన ఏడున్నడు?"

"అన్నం బెట్టేటోడు లేక పోయిండు పంతులూ. ఆడ హోటల్ల ఇడ్లీలు ఏస్తుండు."

"మంత్రాలు వస్తయా?"

"మంచిగొస్తయి."

"తోలుకరాపో" అన్నాడు అయ్యగారు.

ఆ మధ్యాహ్నం సర్పంచి మోటారు సైకిలు మీదనే ఆయన్ను తీసుకొచ్చాడు. పిండి అంటిన చేతులు కడుక్కుని వచ్చి నిలబడిన ఆ మనిషికి, తనను ఎందుకు వెళ్లగొట్టారో, ఎందుకు పిలిచారో ఏమీ తెలియదు. అయ్యగారు గంటా పళ్లెం ఇచ్చాడు. సర్పంచి తాళంచెవి ఇచ్చాడు. గద్వాల అమ్మాయి చీర మడిచిపెడుతూ నా చెవిలో అంది: "మేడం, సర్పంచి మనిషిని అయ్యగారు పెట్టిండు, అయ్యగారి మాట సర్పంచి నెగ్గించిండు. ఇప్పుడు గెలిచింది ఎవలని రాయాలె పరీక్షల?"

జాతర జరిగింది. నేనూ ఉండిపోయి చూశాను. వంట అవ్వ నెత్తి మీద గండదీపం పెట్టుకుని, మనుమడి భుజం పట్టుకుని నడుస్తుంటే నా కళ్లలో నీళ్లొచ్చాయి. కాలేజీకి తిరిగొచ్చి శిబిరం నివేదికలో మొక్కలు నాటడం, ఆరోగ్య అవగాహన, దాని కింద మధ్యయుగ ఐరోపా సమస్యకు పరిష్కారం అని రాశాను. ప్రిన్సిపాలు గారు ఆ వరుసను కొట్టేసి, పారిశుద్ధ్యం అని రాశారు. "మేడం, పోపు ఆ ఊరికి పోయిండని పైనుంచి ఎవరన్నా అడిగితే నేనేం చెప్పాలె?" అన్నారు. ఆయన కష్టం ఆయనది.

కథ అక్కడ ఆగితే బాగుండేది. అధికారం ఒకచోట కుదురుగా ఉండదని చెప్పేదాన్ని నేనే కదా. నేను రిటైరై వనపర్తిలో ఇంట్లో ఉండగా ఒక రోజు ఆ సర్పంచి వచ్చాడు. తెల్లబట్టలు అవే, గొంతు మాత్రం తగ్గింది.

"మేడం, ఈసారి మా ఊరు ఆడోళ్లకు రిజర్వయింది. నా ఇంటామెను నిలబెట్టిన. గెలిచింది."

"మంచిదే కదండి."

"ఏం మంచిది? పేరుకు ఆమె, పని నాదనుకున్న. మొదటి దినమే సంతకాలు నేనే పెడతననె. పంచాయతీ ఆఫీసుల నా కుర్సీ తీపిచ్చింది. నన్ను ఇంట్ల ఉండమంటుంది." కాస్త ఆగి, జంకుతూ అడిగాడు. "మీ పుస్తకంల, గద్దె దిగిన రాజులు ఏం జేసేటోళ్లు మేడం?"

ఈసారి సగం చెప్పి ఊరుకోదలచుకోలేదు. "కొందరు మళ్లీ సైన్యం కూడగట్టారు, చెడిపోయారు. కొందరు మఠాల్లో చేరిపోయారు. దేవుడి పని చేసుకుంటూ ఉండిపోయారు."

"మఠమంటే? మన గుడి లెక్కనేనా?"

"అలాంటిదే."

ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు.

మొన్న ఏదో పని మీద ఖిల్లా ఘణపూర్ వైపు పోతూ ఆ ఊళ్లో దిగాను. పొద్దున్నే. గుడి అరుగు శుభ్రంగా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. చీపురు గోడకు ఆనించి, మాజీ సర్పంచి చేతులు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "రోజు వస్త మేడం. ఇంట్ల కూసుంటే పరేషాన్ అయితుంది." ముసలి అయ్యగారు పోయి ఏడాదయిందట. లోపల బిజినేపల్లాయన పూజ ముగించి తీర్థం ఇస్తున్నాడు. ఆడవాళ్లూ ముసలివాళ్లూ కొందరు వరుసలో ఉన్నారు. మాజీ సర్పంచి పాత అలవాటు కొద్దీ వాళ్లందరినీ దాటి ముందుకు పోయి చెయ్యి చాపాడు.

బిజినేపల్లాయన తీర్థం చెంచా ఆపి, ఎంతో మర్యాదగా అన్నాడు: "జర వరుసల నిలబడుండ్రి, సర్పంచి సాబ్."

ఆయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వెనక్కి వచ్చి, అందరి చివర, నా పక్కన నిలబడ్డాడు.

"నేనే దెచ్చిన ఈయన్ను" అన్నాడు మెల్లగా, ఎక్కడో గర్వంగా కూడా. వరుస ఒక్కడుగు కదిలింది. ఇద్దరం ఒక్కడుగు ముందుకు వేశాం.